పడుకున్న ఎనిమిది

పాలకొల్లు నుంచి నరసాపురం పోయే రోడ్డులో
కాలవ వంతెన దిగగానే
మోటార్లు చుట్టే కొట్టు.
బోర్డు లేదు,
కాలిన వార్నీషు వాసనే బోర్డు.

బొంతు ఏసుపాదం గారు నన్ను పనిలో పెట్టుకున్న రోజు
రాగితీగ ముట్టనివ్వలేదు.
సైకిలెక్కించి లాకుల దగ్గరికి తీసుకెళ్లారు.
"ఎగువ నీళ్లు చూడు మావుళ్లూ, దిగువ నీళ్లు చూడు,
ఆ తేడానే వోల్టు.
తలుపు తీస్తే పరిగెత్తేది ఆంపియరు.
తేడా కొలవడానికి గట్టు దిగక్కర్లేదు,
ఎగువన ఒక కర్ర, దిగువన ఒక కర్ర, చాలు.
పరుగు కొలవాలంటే మాత్రం
కాలవలోకి దిగాలి,
నీళ్లన్నీ నీలోంచే పోవాలి."

తల ఊపాను. అర్థమైందనుకున్నాను.
నెల తిరక్కుండా
ఆంపియరు మీటరు తీసుకెళ్లి
ప్లగ్గు రెండు కన్నాల్లో పెట్టాను.
టప్!
ముల్లు వంకరపోయింది, అద్దం లోపల పొగ.
ఆయన తిట్టలేదు.
దాన్ని గోడకి మేకు కొట్టి తగిలించి
కింద సుద్దముక్కతో నా పేరు రాశారు.
ఇప్పటికీ ఉంది.

రెసిస్టరు చేతికి రంగు గాజులు:
గోధుమ, నలుపు, ఎరుపు అంటే వెయ్యి ఓములు.
కాలవలో గుర్రపుడెక్క పేరుకున్నట్టు
పరుగుని కాస్త ఆపి పంపిస్తుంది.
మురుగుకాలవ సముద్రంలో కలిసేచోట
ఇనుప తలుపు చూశావా,
ఆటుకి తెరుచుకుంటుంది, పోటుకి మూసుకుంటుంది,
డయోడంటే అదే, వడ్లగింజంత.

కెపాసిటరుకి మాత్రం పోలిక చెప్పలేదు.
ఎడంచెయ్యి చూపించారు.
చూపుడువేలికి గోరు లేదు.
"స్విచ్చి కట్టేశాననుకున్నాను.
అది అనుకోలేదు."

ఆశ్వయుజం వానల్లో ఒక రాత్రి రెండున్నరకి ఫోను.
గొట్టుముక్కల సత్తిరాజు గారి రొయ్యల చెరువు,
ఆరు ఏరియేటర్లు, ఒక్కటీ తిరగడం లేదు.
స్టార్టరు నొక్కుతుంటే పడిపోతోంది.
మేం వెళ్లేసరికి రొయ్యలు నీటి పైకొచ్చి
గాలికి మీసాలు చాస్తున్నాయి.
టార్చి వేస్తే చెరువంతా ఎర్రటి కళ్లు.
రాజుగారు గట్టు మీద చెప్పుల్లేకుండా
అటూ ఇటూ నడుస్తున్నారు.
"మూడు టన్నులమ్మా", అంతే, ఇంకో మాట లేదు.

తీగ కోయకుండా, కాలవలో దిగకుండా
కాలవని కౌగిలించుకుని కొలిచే టాంగ్ టెస్టరు
ఆ రాత్రి పనికిరాలేదు.
పరుగే లేనిచోట ఏం కౌగిలించుకుంటుంది?

సంచిలోంచి మెగ్గరు తీశాం.
ఏసుపాదం గారికి శుక్లాలు, ముల్లు కనబడదు.
ఆయన పిడి తిప్పారు, నేను చదివాను,
ఒక్కో మోటారు తీగలు విడగొట్టి.
"ఎంత?"
"పడుకున్న ఎనిమిది."
అంటే కరెంటు దారి తప్పి ఎక్కడికీ పోవడం లేదు.
"రెండోది?"
"పడుకున్న ఎనిమిది."
మూడు. నాలుగు.
వాన ఆయన చొక్కా కాలర్లోంచి కారుతోంది,
పిడి మాత్రం ఒకే లెక్కన తిరుగుతోంది.
అయిదోదానికి ముల్లు లేవలేదు.
"సున్నా అండీ."
"నీళ్లు తాగేసింది. దాన్నొదిలేయ్, మిగతావి కలుపు."

అయిదు చక్రాలు తిరిగాయి.
చెరువు మీద తెల్లటి నురగ.
కాసేపటికి ఎర్రటి కళ్లు ఒక్కొక్కటే కిందకి దిగాయి.
రాజుగారు బురదలోనే కూలబడి
బీడీ అడిగారు. మా దగ్గర లేదు.

తెల్లారుతుంటే, షెడ్డులో
టీ తాగి గ్లాసు పక్కన పెట్టి
మల్టీమీటరు మొనలు రెండూ తనే చేతుల్లోకి తీసుకుని
"నన్ను కూడా ఓసారి చూసి చెప్పు" అన్నారు.
ఓముల మీదికి తిప్పాను.
నలభైవేల దగ్గర అంకెలు ఊగుతున్నాయి.
"పడుకున్న ఎనిమిదేనండి" అన్నాను.

"అబద్ధం.
తడిచేతులకి అంతుండదు."